ఆడి తప్పని కెర్నెల్

హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రామ్‌లకూ మధ్య డ్రైవర్ తెరిచే చిన్న కిటికీలో ఒక అంకె తప్పుగా పడితే దశాబ్దాలపాటు అలాగే ఉండిపోతుంది. దాన్ని నమ్ముకున్నవాళ్లు ఎవరో, ఎక్కడున్నారో రాసినవారికి తెలియకపోవడమే కారణం

లైనక్స్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లో తెర వెనకనుండే దీపాన్ని అదుపు చేయడానికి కొన్ని చిన్న ఫైళ్లు ఉంటాయి. వాటిలో ఒకదాని పేరు 'బీఎల్ పవర్'. అందులో 0 అని రాస్తే దీపం వెలుగుతుంది. 4 అని రాస్తే ఆరిపోతుంది. ఇంట్లో స్విచ్చు వేసే చిన్నపిల్లలకైనా ఇది తలకిందుల వ్యవహారంగానే తోస్తుంది. సున్నా అంటే ఆరిపోవాలి కదా? మరి ఈ నాలుగు ఎక్కణ్నుంచి వచ్చింది? మధ్యలో 1, 2, 3 ఏమయ్యాయి?

జవాబు పాత గాజు గొట్టపు మానిటర్ల కాలంలో ఉంది. తెరను ఎంత మేరకు ఆర్పాలన్నదానికి ఆ రోజుల్లో మెట్లుండేవి. 0 అంటే అసలు ఆర్పకపోవడం. 1 అంటే బొమ్మను మాత్రం తీసేయడం. 2, 3 అంటే మానిటర్‌కు వెళ్లే నిలువు, అడ్డ సంకేతాల్లో ఒకదాన్ని ఆపేయడం. 4 అంటే పూర్తిగా కరెంటు తీసేయడం. ఆ లెక్క ఆర్పడానికి సంబంధించినది కనుక సున్నా అంటే వెలుగు. తర్వాత ఎల్‌సీడీ తెరలొచ్చాయి. వాటి దీపానికి ఇంటర్‌ఫేస్ తయారుచేసినవారు కొత్త అంకెలెందుకని పాతవాటినే అరువు తెచ్చుకున్నారు. గొట్టపు మానిటర్లు పాతసామాన్ల బండ్లెక్కి వెళ్లిపోయాయి. వాటి అంకెలు మాత్రం మిగిలాయి. వాటిని తిరగరాయడం కొద్ది నిమిషాల పని. అయినా ఎవరూ ఆ పని చేయరు. చేయకూడదన్నది అక్కడి కట్టుబాటు.

చూడటానికి ఇదంతా సాంకేతిక వ్యవహారమే. నిజానికి ఇది మాట ఇవ్వడానికి సంబంధించిన సంగతి. హార్డ్‌వేర్‌ను నడిపించడమే తన పని అని డ్రైవర్ రాసే ఇంజనీరు అనుకుంటాడు. అది సగం పనే. ఆ హార్డ్‌వేర్‌ను బయటి ప్రోగ్రామ్‌లు ఎలా పలకరించాలో, అది ఎలా బదులివ్వాలో తేల్చడం మిగతా సగం. మొదటి సగంలో పొరపాటు జరిగితే రేపు దిద్దుకోవచ్చు. రెండో సగంలో జరిగితే దానితోనే కాపురం చేయాలి.

కిటికీకి అటూ ఇటూ

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నింటికన్నా లోపలి పొర కెర్నెల్. మెమరీ, డిస్కు, కీబోర్డు, కెమెరా అన్నీ దాని అధీనంలోనే ఉంటాయి. బ్రౌజరైనా, పాటలు వినిపించే ప్రోగ్రామైనా వాటిని నేరుగా ముట్టుకోవడానికి వీల్లేదు. ఏం కావాలన్నా కెర్నెల్‌ను అడగాలి. కెర్నెల్‌లో ఒక్కో పరికరం గుట్టుమట్లు తెలిసిన భాగమే డ్రైవర్.

డ్రైవర్ బయటికి చూపించే ఇంటర్‌ఫేస్‌ను ప్రభుత్వ కార్యాలయంలోని కౌంటర్ కిటికీతో పోల్చవచ్చు. కిటికీ లోపల బీరువాలు జరపవచ్చు, ఫైళ్లు పక్క గదికి మార్చవచ్చు, గుమాస్తాలను బదిలీ చేయవచ్చు. బయట వరసలో నిలబడ్డవారికి ఆ సంగతే తెలియదు. కానీ దరఖాస్తు ఫారంలో గడుల వరస మారిస్తే, పాత ఫారం నింపుకుని ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి వట్టి చేతులతో వెనక్కి పోవాల్సిందే. లైనక్స్ కెర్నెల్ కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. లోపలి ఏర్పాట్లకు ఏ హామీ లేదు. అవి ప్రతి విడుదలలోనూ మారుతూనే ఉంటాయి. కిటికీ దగ్గరి ఏర్పాటు మాత్రం మారకూడదు.

ఆ కిటికీని వీలైనంత సాదాగా ఉంచాలన్న ఆలోచన 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్‌తో మొదలైంది. దాన్ని రూపొందించిన కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ పరికరాలను సైతం ఫైళ్ల మాదిరిగానే చూపించారు. తెరవడం, చదవడం, రాయడం, మూసేయడం అనే నాలుగు పనులు తెలిస్తే టేపైనా, ప్రింటరైనా, డిస్కైనా ఒకటే. అయితే లోకంలోని పరికరాలన్నీ ఈ నాలుగు మాటల్లో ఇమడవు. టెర్మినల్ ఎంత వేగంతో పనిచేయాలో ఎలా చెప్పాలి? టేపును వెనక్కి తిప్పమని ఎలా అడగాలి? ఇలాంటి అవసరాల కోసం 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో ఒక దొడ్డిదారి పెట్టారు. దాని పేరు ఐఓసీటీఎల్, అంటే ఇన్‌పుట్-అవుట్‌పుట్ కంట్రోల్. ఒక అంకె, దాని వెంట కాస్త సమాచారం పంపితే చాలు. ఆ అంకెకు అర్థం ఏమిటన్నది పూర్తిగా డ్రైవర్ ఇష్టం.

దొడ్డిదారి ఉందని తెలిశాక అందరూ అటే నడవడం లోకరీతి. గ్రాఫిక్స్ కార్డులు, కెమెరాలు చేయించుకునే ముఖ్యమైన పనులన్నీ ఇప్పుడు దాదాపుగా ఆ దారినే సాగుతున్నాయి. తనకు తెలియని కోరిక వచ్చినప్పుడు డ్రైవర్ తిప్పిపంపే తప్పు సంకేతానికి 'ఈనోటీటీవై' అని పేరు. 'ఇది టైపురైటర్ కాదు' అన్నది దాని తొలినాళ్ల అర్థం. ఐఓసీటీఎల్ మొదట్లో టెలిటైపు టెర్మినళ్ల కోసమే పుట్టింది కనుక ఆ పేరు వచ్చింది. ఇవాళ ఒక వెబ్ కెమెరాను దానికి చేతకాని పని అడిగినా కెర్నెల్ ఇవ్వాల్సిన జవాబు అదే. తాతల నాటి పేరు మనవళ్ల నోట పలుకుతోంది.

తెలుగు రాని కీబోర్డు

బాగా కుదిరిన ఇంటర్‌ఫేస్‌కు ఉదాహరణ కావాలంటే కీబోర్డును చూస్తే చాలు. మీట నొక్కగానే కెర్నెల్ నాలుగే సంగతులు చెబుతుంది. ఎప్పుడు, ఏ రకం కదలిక, ఏ మీట, నొక్కారా వదిలారా. ఇంగ్లీషు కీబోర్డులో 'కే' ఉన్న మీట అంకె 37. అయితే 37 అంటే 'కే' అక్షరమని అర్థం కాదు, ఆ చోటులో ఉన్న మీట అని. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు టైపు చేసేవారికి అదే మీట 'క' అవుతుంది. ఇంగ్లీషువారు 'క్యూ' అనుకునే 16వ అంకె మీట ఫ్రెంచివారి కీబోర్డులో 'ఏ'. ఏ చోటుకు ఏ అక్షరమన్నది కెర్నెల్‌కు పైనున్న పొరలు తేల్చుకుంటాయి. 2010లో రూపాయికి కొత్త గుర్తు వచ్చినప్పుడు పై పొరల్లో చిన్న మార్పుతో పని జరిగిపోయింది. కీబోర్డు డ్రైవర్‌ను కదిలించాల్సిన అవసరమే రాలేదు.

కెర్నెల్‌కు తెలుగు రాదు. రాకపోవడమే మేలైంది. ఏం జరిగిందో చెప్పడం వరకే తన బాధ్యత, దానికి అర్థం చెప్పడం తన పని కాదు అని డ్రైవర్ గీత గీసుకోవడం వల్లే దానికి ఊహకైనా అందని భాషలన్నీ దాని మీద నడుస్తున్నాయి. డ్రైవర్ల లోకంలో పెద్దలు చెప్పే మొదటి నీతి ఇదే. చేయగలిగింది చూపించు, ఏం చేయాలో నువ్వు తేల్చకు.

ఇంత చక్కని ఏర్పాటుకూ ఒక చోట గోడ అడ్డొచ్చింది. ల్యాప్‌టాప్‌లలో మైకు నోరు నొక్కే మీటకు కెర్నెల్‌లో ఇచ్చిన అంకె 248. తెర మీద కిటికీలను చూపించే ఎక్స్ 11 వ్యవస్థ 1987 నాటిది. అందులో మీటల అంకెలు 255 దాటడానికి వీల్లేదు. పైగా కెర్నెల్ ఇచ్చిన ప్రతి అంకెకూ అది 8 కలుపుకుంటుంది. 248కి 8 కలిస్తే 256. ఒక్క అంకె తేడాతో ఆ మీట ఎక్స్ 11కు కనిపించకుండా పోయింది. చివరికి మైకు మీట నొక్కితే 'ఎఫ్20' నొక్కినట్టు చెప్పించే ఏర్పాటు చేశారు. మామూలు కీబోర్డుల మీద ఎఫ్20 అన్న మీటే ఉండదు. 1980లలో 8 బిట్లు చాలనుకున్నవారు చేసింది తప్పు కాదు. అప్పటికి మైకు మీటలున్న ల్యాప్‌టాప్‌లే లేవు.

సున్నా అంటే ఎంత?

మళ్లీ తెర దీపం సంగతి. వెలుగు ఎంతుండాలో చెప్పే ఫైలు మరొకటి ఉంది. గరిష్ఠం ఎంతన్నది పక్క ఫైలులో ఉంటుంది. అది ఒక ల్యాప్‌టాప్‌లో 15 కావచ్చు, మరోదానిలో వేలల్లో ఉండవచ్చు. అందులో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా కింది కొసతోనే. 0 అంటే ఏమిటో స్పష్టంగా తేల్చలేదు. కొన్ని యంత్రాల్లో అది కంటికి ఆనే అతి తక్కువ వెలుగు. మరికొన్నింటిలో కటిక చీకటి. వెలుగు తగ్గిద్దామని మౌస్‌తో గీతను ఎడమ చివరికి లాగినవారికి తెర మాయమైపోతుంది. దాన్ని వెనక్కి లాగుదామంటే ఆ గీత ఎక్కడుందో కనిపించదు.

డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లు రాసేవారు దీనికి తమకు తోచిన ఉపాయాలు వేసుకున్నారు. కొందరు సున్నా దాకా వెళ్లనివ్వరు. కొందరు కొంత శాతం దగ్గరే ఆపేస్తారు. దాంతో సున్నాలోనూ వెలుగుండే ల్యాప్‌టాప్‌లవారు రాత్రివేళ అంత వెలుగెందుకని విసుక్కుంటారు. పోనీ ఇప్పుడు 0కు ఒకటే అర్థం చెబుదామంటే, పాత అర్థాల మీద ఆధారపడి ఎన్ని ప్రోగ్రామ్‌లు పుట్టాయో ఎవరికి తెలుసు? డ్రైవర్లు రాసినవారెవరూ ఇక్కడ అబద్ధమాడలేదు. నిజం పూర్తిగా చెప్పలేదంతే. ఇంటర్‌ఫేస్‌లో చెప్పకుండా వదిలేసిన మాటకు ప్రతి ఒక్కరూ తమకు అనువైన అర్థం చెప్పుకుంటారు. కొన్నాళ్లకు ఆ అర్థాలన్నీ హక్కులైపోతాయి.

హరిశ్చంద్ర వ్రతం

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ లైనక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ ఈ విషయంలో హరిశ్చంద్రుడి లాంటివాడు. పాత కెర్నెల్ మీద పనిచేసిన ప్రోగ్రామ్ కొత్త కెర్నెల్ మీద పనిచేయకపోతే తప్పు కెర్నెల్‌దేనన్నది ఆయన నియమం. ఆ ప్రోగ్రామ్‌ను ఎంత తెలివితక్కువగా రాసినా సరే.

2012 డిసెంబరులో ఈ నియమం లోకప్రసిద్ధమైంది. వీడియో విభాగంలో చేసిన ఒక సవరణ వల్ల కెమెరా డ్రైవర్ ఒక ఐఓసీటీఎల్‌కు ఇచ్చే తప్పు సంకేతం మారింది. పనయితే ముందూ జరగలేదు, తర్వాతా జరగలేదు. జరగలేదని చెప్పే తీరు మాత్రమే మారింది. ఆ మాత్రానికే శబ్దానికి సంబంధించిన ప్రోగ్రామ్‌లు మొరాయించాయి. లోపం ఆ ప్రోగ్రామ్‌లలో ఉండవచ్చని విభాగాన్ని చూసే సీనియర్ ఒకరు అన్నారు. టోర్వాల్డ్స్ అగ్గిమీద గుగ్గిలమయ్యారు. ప్రోగ్రామ్‌లను విరగ్గొట్టేది లేదని పెద్దక్షరాల్లో, బహిరంగంగా చీవాట్లు పెట్టారు. ఆ భాష చాలామందికి నచ్చలేదు. 2018 సెప్టెంబరులో ఆయనే తన దురుసుతనానికి క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నారు. గొంతు తగ్గింది కానీ నియమం సడలలేదు.

ఇంత పట్టింపు అవసరమా? అవసరమేననడానికి గట్టి కారణముంది. కెర్నెల్‌లో భద్రతా లోపాలు తరచూ బయటపడుతుంటాయి. వాటికి మందు కొత్త కెర్నెల్. అప్‌డేట్ చేస్తే ఏది ఆగిపోతుందో అన్న భయం ఒకసారి పట్టుకుంటే ఆసుపత్రైనా, బ్యాంకైనా, ఫ్యాక్టరీ అయినా అప్‌డేట్ చేయడం మానేస్తుంది. లోపం అలాగే ఉండిపోతుంది. ఇచ్చిన మాట మీద నమ్మకం ఉంటేనే జనం మందు పుచ్చుకుంటారు.

ఈ వ్రతంలో ఒక చిన్న వెసులుబాటు లేకపోలేదు. మార్పును ఎవరూ గమనించకపోతే, ఎవరి పనీ ఆగకపోతే మాట తప్పినట్టు కాదు. అయితే గమనించేవారు ఎప్పుడు వస్తారో చెప్పలేం.

ఒక పిన్ను కథ

ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపించే ఉదాహరణ జీపీఐఓ. ఎలక్ట్రానిక్ బోర్డు మీదుండే ఈ పిన్నులకు దీపమో, మోటారును నడిపే రిలేయో, నేలలో తేమను కొలిచే సెన్సరో తగిలించవచ్చు. 2012లో రాస్ప్‌బెర్రీ పై బోర్డు వచ్చాక ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో ఇవి మామూలైపోయాయి.

వీటి కోసం లైనక్స్‌లో 2008లో ఫైళ్లతో కూడిన ఒక ఇంటర్‌ఫేస్ వచ్చింది. ఒక ఫైలులో 17 అని రాస్తే 17వ పిన్ను చేతికొస్తుంది. ఇంకో ఫైలులో 1 అని రాస్తే దీపం వెలుగుతుంది. ప్రోగ్రామింగ్ పెద్దగా రానివారు కూడా రెండు లైన్లతో పని కానిచ్చేవారు. ఆ సులువే దానికి పేరు తెచ్చింది. లోపాలు తర్వాత బయటపడ్డాయి. ప్రోగ్రామ్ మధ్యలో చచ్చిపోతే అది పట్టుకున్న పిన్ను విడుదల కాకుండా అలాగే ఉండిపోతుంది. ఒకే పిన్ను కోసం రెండు ప్రోగ్రామ్‌లు పోట్లాడుకుంటే తీర్పు చెప్పేవారుండరు. పిన్నుల అంకెలు ఏ చిప్ ముందు మేలుకుందన్నదాన్ని బట్టి కూడా మారిపోవచ్చు.

2016లో వచ్చిన 4.8 కెర్నెల్‌లో ఇంతకన్నా పద్ధతైన ఇంటర్‌ఫేస్ పెట్టారు. ప్రోగ్రామ్ ఆగితే అది పట్టుకున్న పిన్ను దానంతటదే విడుదలవుతుంది. అయినా అందులోనూ రెండు మెలికలు దొర్లాయి. పిన్ను మీద మార్పు జరిగినప్పుడు అది పంపే సమాచారంలో సమయానికి 8 బైట్లు, సంఘటన రకానికి 4 బైట్లు. మొత్తం 12. ఇంటెల్ తరహా 64 బిట్ యంత్రాల్లో కంపైలర్ దీని చివర మరో 4 ఖాళీ బైట్లు చేర్చి 16 చేస్తుంది. అదే 32 బిట్‌లో చేర్చదు. 64 బిట్ కెర్నెల్ మీద 32 బిట్ ప్రోగ్రామ్ నడిస్తే ఒకరు 16 పంపుతారు, ఒకరు 12 అనుకుంటారు. రాసినవారు ఎక్కడా 16 అని రాయలేదు. రాయనిది కూడా ఒప్పందంలో చేరిపోయింది.

రెండో మెలిక గడియారానిది. ఆ సమయాన్ని మొదట గోడ గడియారం నుంచి తీసుకున్నారు. కంప్యూటర్ తన టైమును సరిచేసుకున్నప్పుడల్లా ఆ గడియారం వెనక్కి కూడా జరగవచ్చు. అప్పుడు ముందు జరిగింది వెనకా, వెనక జరిగింది ముందూ జరిగినట్టు కనిపిస్తుంది. అందుకని 2020లో 5.7 కెర్నెల్‌లో ఎప్పుడూ ముందుకే నడిచే గడియారానికి మార్చారు. న్యాయమైన మార్పే. కానీ వేర్వేరు యంత్రాల గడియారాలను కచ్చితంగా కలిపి కొలతలు తీసేవారికి కావలసింది ఆ పాత గడియారమే. వారి కోసం 2021లో 5.11లో దాన్ని కోరుకునేవారికి మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. ఈలోగా 2020 డిసెంబరు నాటి 5.10లో, ఖాళీ బైట్లను సైతం లెక్కగట్టిన రెండో వెర్షన్ వచ్చింది.

మరి పాతవి పోయాయా? లేదు. 2008 నాటి ఫైళ్లను 2020 తర్వాత తీసేస్తామని కెర్నెల్ పత్రాల్లోనే రాశారు. 2025 వచ్చినా అవి ఉన్నాయి. ఒకే పిన్నుకు మూడు కిటికీలు, మూడింటికీ కాపలా.

అంతటితో అయిపోలేదు. 2024లో రాస్ప్‌బెర్రీ పై వ్యవస్థ 6.6 కెర్నెల్‌కు మారినప్పుడు పాత ఫైళ్లలో పిన్నుల అంకెలు 512 నుంచి మొదలయ్యాయి. నిన్నటిదాకా 17 అన్నది 529 అయింది. 17 అని రాసిన స్క్రిప్టులు తెల్లారేసరికి పనిచేయడం మానేశాయి. ఆ అంకెలు స్థిరంగా ఉంటాయని ఎవరూ మాటివ్వలేదన్నది నిజమే. కానీ పుస్తకాల్లో, పాఠాల్లో, ప్రాజెక్టు రికార్డుల్లో ఏళ్లుగా 17 అనే ఉంది. ఇచ్చిన మాట ఏమిటన్నది పత్రాల్లో ఉంటుంది. ఎదుటివారు నమ్మింది వారి అనుభవంలో ఉంటుంది. కిటికీ దగ్గర గొడవ జరిగేది ఎప్పుడూ రెండోదాని గురించే.

ఖాళీ గడుల విలువ

ఇన్ని దెబ్బలు తిన్నాక ఈ రంగంలోని అనుభవజ్ఞులు కొన్ని జాగ్రత్తలు నేర్చుకున్నారు. ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ల మీద పనిచేసిన డేనియల్ వెట్టర్ 2013లో ఐఓసీటీఎల్‌లను చెడగొట్టకుండా ఉండటమెలాగో రాసిన వ్యాసం కెర్నెల్ పత్రాల్లో చేరింది. అందులోని సలహాలు చూడటానికి చాదస్తంగా ఉంటాయి. ప్రతి సంఖ్యకూ ఎన్ని బిట్లో స్పష్టంగా రాయాలి. ఖాళీలను కంపైలర్‌కు వదలకుండా స్వయంగా నింపాలి. వాడని గడుల్లో సున్నా తప్ప మరేముందని తేలినా కోరికను తిప్పికొట్టాలి.

ఈ చివరి సలహా వెనక పెద్ద కథే ఉంది. ఫైలును తెరిచే పాత 'ఓపెన్' పిలుపు తనకు తెలియని గుర్తులు వస్తే పట్టించుకోకుండా వదిలేసేది. మొహమాటస్తుడిలా అన్నింటికీ తలూపేది. ఆ మంచితనం వల్ల కొత్త గుర్తులు చేర్చడం కష్టమైపోయింది. పాత ప్రోగ్రామ్‌లు అర్థంలేని గుర్తులు పంపుతూ ఉండి ఉంటే, వాటికి ఇప్పుడు అర్థం కల్పిస్తే ఏమవుతుంది? అదీగాక కొత్త గుర్తు పాత కెర్నెల్‌కు అర్థమైందో లేదో తెలుసుకునే దారి లేదు. చివరికి 2020లో 5.6లో 'ఓపెన్ఏటీ2' అన్న కొత్త పిలుపునే పెట్టారు. తెలియనిది వస్తే అది ముఖం మీదే కాదంటుంది. మొదటి రోజున కాదనడం మర్యాద తక్కువ కాదు, రేపటి కోసం చోటు ఉంచడం.

గ్రాఫిక్స్ విభాగంలో మరో మంచి ఆచారం ఉంది. కొత్త ఇంటర్‌ఫేస్ చేర్చాలంటే దాన్ని వాడుకునే ప్రోగ్రామ్‌ను కూడా రాసి, ఓపెన్ సోర్స్‌గా అందరి ముందూ పెట్టాలి. కిటికీ తెరిచేముందు బయటికి వెళ్లి వరసలో ఒకసారి నిలబడి చూడమనడం లాంటిదే ఇది.

ఎంత జాగ్రత్తపడ్డా కాలం ఊరుకోదు. 1970 జనవరి 1 నుంచి సెకన్లను 32 బిట్లలో లెక్కబెట్టే పాత పద్ధతి భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. కీబోర్డు పంపే నాలుగు సంగతుల్లో మొదటిది సమయమే. ఆ గడి వెడల్పు పెంచితే పాత ప్రోగ్రామ్‌లు దారితప్పుతాయి. అందుకని 2018లో 32 బిట్ యంత్రాల కోసం ఒక ఉపాయం వేశారు. గడిని అలాగే ఉంచి, అందులో రుణ సంఖ్యలకు వదిలిన సగాన్ని కూడా ధన సంఖ్యలకే ఇచ్చేశారు. దాంతో గడువు 2106 వరకు పెరిగింది. అద్దె ఇంటిని ఖాళీ చేయకుండా అటకను గదిగా మార్చుకున్నట్టు.

వరసలో నిలబడ్డవారు

ఈ సంగతులు ఎక్కడో అమెరికాలోనో, ఐరోపాలోనో జరిగేవనుకోవడానికి లేదు. ప్రపంచంలోని పెద్ద చిప్ కంపెనీల ఇంజనీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నాయి. కొత్త చిప్‌కు డ్రైవర్ రాసే బాధ్యత తెలుగు కుర్రాళ్లకు, అమ్మాయిలకు దక్కడం అక్కడ విశేషమేమీ కాదు. ఫోన్ విడుదల తేదీ ముంచుకొస్తుంటుంది. కెమెరా బృందం ఒక సౌకర్యం కావాలంటుంది. ఒక కొత్త ఐఓసీటీఎల్, నాలుగు గడులు, సాయంత్రానికి పని పూర్తి. అసలు కెర్నెల్‌లో చేర్చాలంటే నెలల తరబడి వాదనలుంటాయి కనుక చాలాసార్లు కంపెనీ సొంత కెర్నెల్‌లోనే ఆగిపోతుంది.

దాని ఫలితం ఫోన్ కొన్నవారికి తెలుస్తుంది. కంపెనీ తన కోసం మాత్రమే తెరిచిన అలాంటి కిటికీలు ఎక్కువయ్యేకొద్దీ ఆ ఫోన్‌ను కొత్త కెర్నెల్‌కు మార్చడం కష్టమవుతుంది. బాగున్న ఫోన్‌కు అప్‌డేట్లు ఆగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 2017లో ఆండ్రాయిడ్ 8.0తో గూగుల్ మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ట్రెబుల్ ఉద్దేశం కూడా చిప్, ఫోన్ తయారీదారులు రాసిన భాగానికీ ఆండ్రాయిడ్‌కూ మధ్య మారని ఒప్పందం ఒకటి ఉండాలనే. మాటకు విలువ కట్టడం అక్కడా ఆలస్యంగానే మొదలైంది.

భద్రత మాట సరేసరి. కిటికీలోంచి వచ్చే ప్రతి కాగితాన్నీ డ్రైవర్ అనుమానంగానే చూడాలి. పొడవెంత అని చెప్పిన అంకెను నమ్మి మెమరీలో రాసేస్తే పరాయివాడు కెర్నెల్‌లోకి దూరిపోతాడు. ఖాళీ బైట్లను తుడవకుండా బయటికి పంపితే కెర్నెల్ రహస్యాలు వాటితోపాటే బయటపడతాయి. ఫారంలోని ఖాళీ గడి కూడా మాట్లాడుతుంది.

కెర్నెల్ మూలంలో ఇలాంటి ఇంటర్‌ఫేస్‌లన్నింటినీ నమోదుచేసే పత్రాలు ప్రత్యేకంగా ఉన్నాయి. స్థిరమైనవి, పరీక్షలో ఉన్నవి, పాతబడినవి, తీసేసినవి అని నాలుగు వర్గాలు. ఒక్కో నమోదులో ఏమిటి, ఎప్పటి నుంచి, ఎవరిని సంప్రదించాలి, ఏం చేస్తుంది వంటి వివరాలు రాస్తారు. చివరగా మరో గడి ఉంది. దీన్ని వాడుకుంటున్నది ఎవరు? మార్పు చేసేటప్పుడు ముందుగా కబురు చేయడానికి పెట్టిన గడి అది. చాలా నమోదుల్లో అది కనిపించదు. నింపడానికి ఎవరి పేర్లూ తెలియవు మరి. ఆ గడిలో ఉండాల్సినవారు ఏ కాలేజీ ల్యాబ్‌లోనో, ఏ పొలం గట్టున మోటారు పెట్టెలోనో, ఇంకా పుట్టని ప్రోగ్రామ్‌లోనో ఉంటారు. డ్రైవర్ రాసేవారు సాయంత్రంలోగా తేల్చేసే ఆ నాలుగు అంకెలు వారందరికీ ఇచ్చిన మాటే.